అరికాలి లిగమెంట్లు, రిఫ్లెక్సాలజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం గోదావరి పాయల మధ్య ఊళ్ల నుంచి వచ్చినవే, వాటిలోనూ ఎక్కువ రిఫ్లెక్సాలజీ గురించి, అంటే అరికాలిలో ఒక్కో చోటు ఒంట్లోని ఒక్కో అవయవానికి చెందుతుందని చెప్పి అక్కడ నొక్కే పద్ధతి గురించి అడిగినవే. శిబిరాలు, ఎగ్జిబిషన్ స్టాళ్లు, తీర్థాలలో అమ్మే చెక్క రోలర్లు, పొడుచుకొచ్చే బుడిపెల చెప్పులు ఈ మధ్య మన వైపు బాగా పెరగడమే కారణం కావచ్చు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పేర్లు తీసేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (పాలకొల్లు నుంచి ఒక గృహిణి): డాక్టరు గారికి నమస్కారం. మా ఊళ్లో పెట్టిన శిబిరంలో నేను రిఫ్లెక్సాలజీ నేర్చుకుంటున్నాను. మాకిచ్చిన అరికాలి పటంలో బొటనవేలి దగ్గర నుంచి మడమ దాకా నిలువుగా ఒక గీత గీసి ‘లిగమెంట్ లైన్’ అని రాశారు. దాని మీద గట్టిగా నొక్కకూడదని చెప్పారు గాని ఎందుకో చెప్పలేదు. అది నిజంగా లిగమెంటేనా? ఈ పద్ధతిలో లిగమెంట్ల పాత్ర ఏమిటి?

జవాబు: అమ్మా, ముందు మీ పాదం మీదే చిన్న పరీక్ష చేసి చూడండి. కుర్చీలో కూర్చుని కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద వేసుకుని, కాలి బొటనవేలిని చేత్తో పట్టుకుని పాదం పైభాగం వైపు వంచండి. అరికాలి లోపలి సగంలో చర్మం కింద గట్టి పట్టీ ఒకటి బిగుసుకుని పైకి తేలుతుంది. వేలిని వదిలేస్తే అది సడలి కనబడకుండా పోతుంది. మీ పటంలోని గీత అదే. రిఫ్లెక్సాలజీ నేర్పేవారిలో కొందరు దాన్ని లిగమెంట్ లైన్ అనీ, మరికొందరు టెండన్ లైన్ అనీ అంటారు. శరీర నిర్మాణం ప్రకారం చూస్తే అక్కడ మీ చేతికి తగిలేది ప్రధానంగా ఆ రెండూ కాదు, ప్లాంటార్ ఫేషియా అనే దళసరి పొర లోపలి అంచు.

లిగమెంట్ ఎముకను ఎముకతో కట్టి ఉంచుతుంది. టెండన్ కండరాన్ని ఎముకకు కలుపుతుంది. ప్లాంటార్ ఫేషియా మడమ ఎముక అడుగున లోపలి వైపు మొదలై, ముందుకు పోతూ వెడల్పై, ఐదు పాయలుగా విడి ఐదు వేళ్ల మొదళ్లకు చేరుతుంది. అయితే అది చేసే పని లిగమెంట్ పనికి చాలా దగ్గరగా ఉంటుంది. పాదంలోని ఎముకలు విల్లులా వంగి ఉంటే, కింద ఈ పట్టీ అల్లెతాడులా రెండు కొనలనూ పట్టి ఉంచుతుంది. నడిచేటప్పుడు మడమ లేచి, వేళ్లు వెనక్కి వంగినప్పుడు ఈ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ చుట్టుకుని బిగుస్తుంది, దానితో మడమా ముంగాలూ దగ్గరకు వచ్చి వంపు పైకి లేస్తుంది, పాదం గట్టిపడి అడుగు ముందుకు తోయడానికి వీలవుతుంది. ఈ ఏర్పాటును 1954లో ఇంగ్లండుకు చెందిన హిక్స్ అనే వైద్యుడు వివరించారు. మీరు బొటనవేలు వంచినప్పుడు పైకి తేలిన పట్టీలో జరిగింది సరిగ్గా ఇదే.

అసలు లిగమెంట్లు దీనికన్నా లోతున ఉంటాయి. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. వాటిని కట్టి ఉంచే, కదిలించే లిగమెంట్లు, టెండన్లు, కండరాలు అన్నీ కలిపితే వంద దాటుతాయి. అరికాలి వంపును మోసే లిగమెంట్లలో ముఖ్యమైనవి మూడు. మడమ ఎముక నుంచి ముందుకు సాగి పాదం నడిమి ఎముకల దాకా పోయే లాంగ్ ప్లాంటార్ లిగమెంట్ పాదంలో అన్నిటికన్నా పొడవైనది. దానికన్నా లోతున దాగి పొట్టిది ఇంకొకటి ఉంటుంది. మూడోది స్ప్రింగ్ లిగమెంట్. దాని సంగతి తరువాతి జవాబులో చెబుతాను. ఈ మూడింటికీ నొక్కే మీ చేతి బొటనవేలికీ మధ్య చర్మం, కొవ్వు దిండు, ఫేషియా, ఆపైన కండరాల వరసలు అడ్డుగా ఉంటాయి. కాబట్టి అరికాలు నొక్కుతూ ఫలానా లిగమెంటును పట్టుకున్నాననడం ఎంత అనుభవం ఉన్న చేతికైనా సాధ్యమయ్యే మాట కాదు.

ఇక ఆ గీత ఎందుకు గీస్తారంటారా? అందరి పాదాలూ ఒకే కొలతలో ఉండవు గనుక పటంలోని గళ్లను ఎదుటి మనిషి పాదం మీద గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు కావాలి. నిలువు గీతకు తోడు అడ్డంగా మూడు ఉంటాయి. ముంగాలి మెత్త దిగువన ఒకటి, దాన్ని డయాఫ్రం గీత అంటారు. పాదం బయటి అంచున మధ్యలో చేతికి తగిలే బొడిపె నుంచి అడ్డంగా గీసినది నడుము గీత. మడమ దగ్గర మెత్త మొదలయ్యే చోట మూడోది. ఇవన్నీ తాకి చూడగల నిజమైన ఆనవాళ్లే. నడుము గీతకు ఆధారమైన బొడిపె చిటికెనవేలి వెనకుండే పొడవాటి ఎముక మొదలు. ఆనవాళ్లతో నాకు పేచీ లేదు, వాటి మధ్య గళ్లలో రాసిన కాలేయం, పిత్తాశయం, మూత్రపిండం వంటి పేర్లతోనే పేచీ.

గట్టిగా నొక్కవద్దన్న మీ గురువు మాట మంచిదే. వేలు వెనక్కి వంగి ఫేషియా బిగిసి ఉన్నప్పుడు దానికి అడ్డంగా చేతి బొటనవేలితో పొడిస్తే నొప్పి తప్ప లాభం ఉండదు. అప్పటికే మడమ దగ్గర వాపు ఉన్న మనిషికి అది మరింత రేగుతుంది. వేళ్లను అరికాలి వైపు కొద్దిగా వంచి పట్టీని సడలించి, ఆ తరువాతే మెత్తగా చేయి నడపాలి. నొక్కి నొక్కి ఆ పట్టీని సాగదీయవచ్చన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. ప్లాంటార్ ఫేషియా వంటి దళసరి పొరను నూటికి ఒక వంతు అణచడానికైనా చేతి బలానికి అందనంత ఒత్తిడి కావాలని 2008లో వెలువడిన ఒక గణిత నమూనా చూపింది. నొక్కిన తరువాత పాదం తేలికపడినట్టు అనిపించడం అబద్ధం కాదు. చర్మంలోనూ కండరాలలోనూ ఉన్న నాడీ కొనలు ఆ స్పర్శకు స్పందించడం వల్ల, బిగిసిన కండరం సడలడం వల్ల అది కలుగుతుంది. పట్టీ పొడవు మారడం వల్ల కాదు. అందుచేత ఈ పద్ధతిలో లిగమెంట్లు, ఫేషియాల పాత్ర చేతికి దారి చూపడం, ఎక్కడ తేలిగ్గా ఉండాలో హెచ్చరించడం, అంతవరకే.

ప్రశ్న (అంబాజీపేట నుంచి ఒక యువకుడు): మా నాన్నగారు కొబ్బరి దింపు పని చేస్తారు. కొన్ని నెలలుగా అరికాలి మధ్యలో, లోపలి వైపు నొప్పి అంటున్నారు. తెలిసినవారు చెబితే రిఫ్లెక్సాలజీ చేసేవారి దగ్గరకు తీసుకెళ్లాను. అరికాలి నడుమ నొక్కగానే ఆయన అబ్బా అన్నారు. అది కిడ్నీ బిందువనీ, కిడ్నీలు బలహీనపడ్డాయనీ, వరసగా సిట్టింగులకు రావాలనీ చెప్పారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ బెంగగా ఉంది. నిజంగా కిడ్నీ జబ్బు అరికాలిలో తెలుస్తుందా?

జవాబు: నాయనా, తెలియదు. కిడ్నీ జబ్బు తొలి దశలో అరికాలిలోనే కాదు, ఒంట్లో ఎక్కడా నొప్పి రూపంలో బయటపడదు. దానిలోని ప్రమాదమే అది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, బీపీ, షుగరు చూపించండి. వీటికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు, ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా అడగవచ్చు. ఫలితం బాగుంటే ఆ బెంగ అక్కడితో తీరిపోతుంది. బాగాలేకపోతే పాదం నొక్కేవారి దగ్గరకు కాదు, వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మీ నాన్నగారికి నొప్పి ఎందుకు పుట్టిందో ఆయన చేసే పనిని బట్టే ఊహించవచ్చు. చెట్టెక్కేటప్పుడు రెండు అరికాళ్లూ లోపలికి తిరిగి మానుకు ఆనుకుంటాయి, ఒంటి బరువంతా పాదం వంపు మీద, లోపలి అంచు మీద పడుతుంది. రోజంతా ఒక చెట్టు దిగి మరొకటి ఎక్కే మనిషికి ఆ వంపును మోసే కట్లు అలిసిపోవడంలో వింత లేదు. వాటిలో ముఖ్యమైనది ఇందాక చెప్పిన స్ప్రింగ్ లిగమెంట్. అది మడమ ఎముక లోపలి అరుగు నుంచి దాని ముందున్న నావిక్యులర్ అనే ఎముకకు వెళుతుంది, ఈ రెండింటి మధ్య నుంచి కిందకు జారబోయే టాలస్ ఎముక తలను కింది నుంచి మోస్తుంది. చీలమండలోకి దిగే శరీరపు బరువంతా టాలస్ గుండానే పాదంలోకి పోతుంది గనుక, ఈ లిగమెంట్ సడలితే వంపు కుంగి పాదం చదునవుతుంది. దీనికి తోడుగా పిక్క లోతుల్లోంచి లోపలి చీలమండ వెనకగా దిగివచ్చే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ పనిచేస్తుంది. మొదట ఈ టెండన్ దెబ్బతిని, ఆ భారం లిగమెంట్ మీద పడి, చివరికి రెండూ సడలడం సాధారణంగా చూసే వరస.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. గోడకు చేయి ఆనించి, నొప్పి ఉన్న కాలి మీద ఒంటికాలితో నిలబడి మడమ పైకెత్తమనండి. ఎత్తలేకపోయినా, ఎత్తేటప్పుడు లోపలి చీలమండ కింద నొప్పి వచ్చినా, వెనక నుంచి చూస్తే ఆ కాలి మడమ రెండో దానికన్నా బయటికి వాలి ఉన్నా ఎముకల వైద్యుడికి తప్పక చూపించాలి. మొదట్లోనే వంపుకు ఆసరా ఇచ్చే మెత్త, కొన్నాళ్లు చెట్టెక్కకుండా విశ్రాంతి, పిక్క కండరాల వ్యాయామం ఇస్తే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమై ఎముకలు కొత్త స్థానాలలో గట్టిపడిపోతే ఆపరేషన్ గురించి ఆలోచించవలసి వస్తుంది. దింపు పని మీదే ఇల్లు గడిచేవారికి విశ్రాంతి చెప్పడం ఎంత సులువో తీసుకోవడం ఎంత కష్టమో తెలుసు. వీలుంటే ఈ కొన్నాళ్లూ కాయ ఒలిచే పని, లెక్క చూసే పని అడిగి చూడండి.

పటంలో కిడ్నీ గడి ఎక్కడుంటుందో కూడా చెప్పాలి. పై జవాబులోని లిగమెంట్ గీత మీదే, నడుము గీతకు కొంచెం పైన దాన్ని వేస్తారు. అంటే నిలబడి పనిచేసే ఎవరికైనా సహజంగా బిగిసి ఉండే పట్టీ మీదే ఆ గడి ఉంది. అక్కడ గట్టిగా నొక్కితే ఊడ్పులకు వెళ్లే ఆడవారైనా, ఆర్టీసీ కండక్టరైనా అబ్బా అంటారు. నొప్పి ఉన్నది ఆ పట్టీలో, దాని కింది కండరంలో.

ఈ పటం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. గత శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఒంటిని తల నుంచి కాలి దాకా పది నిలువు మండలాలుగా విభజించి, ఒక మండలంలో ఎక్కడ నొక్కినా అదే మండలంలోని మరోచోట ఫలితం ఉంటుందని ప్రతిపాదించారు. 1930ల్లో అదే దేశంలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాలకు కుదించి, వేళ్లు తలకూ, ముంగాలు ఛాతీకీ, వంపు పొట్టలోని అవయవాలకూ, మడమ కటి భాగానికీ చెందుతాయని ఇప్పుడు మనం చూసే పటానికి రూపమిచ్చారు. అరికాలి నుంచి కిడ్నీకి నేరుగా పోయే నాడి ఏదీ శరీర కోతలో కనబడలేదు. 2009లో ప్రత్యామ్నాయ వైద్య పద్ధతుల పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అప్పటిదాకా జరిగిన 18 యాదృచ్ఛిక పరీక్షలను (చీటీ వేసినట్టు మనుషులను గుంపులుగా విడదీసి పోల్చి చూసేవి) కలిపి పరిశీలించి, రిఫ్లెక్సాలజీ ఏ జబ్బుకైనా పనిచేస్తుందని నమ్మదగిన రుజువు లేదని తేల్చారు. 2019 ఏప్రిల్ నుంచి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆరోగ్య బీమా రాయితీ నుంచి తీసేసిన పద్ధతులలో ఇదీ ఉంది. కాళ్లు నొక్కించుకుంటే హాయిగా ఉంటుందన్న మాటను ఇవేవీ కాదనడం లేదు. ఆ హాయికి డబ్బు ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, జబ్బు పేరు చెప్పి భయపెట్టినందుకు మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న (ఆకివీడు నుంచి ఒక చేపల రైతు): మూడు రోజుల క్రితం చెరువు గట్టు మీద కాలు జారి పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటి వైపు వాచి నీలం తేలింది. నూనె రాసి లాగి సరిచేస్తామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. రిఫ్లెక్సాలజీ తెలిసిన మిత్రుడు మాత్రం చీలమండ ముట్టుకోకుండా చేతి మణికట్టు నొక్కుతానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిలో మీ మిత్రుడిది హాని లేని మాట. చీలమండ దెబ్బతింటే మణికట్టును, మోకాలైతే మోచేతిని నొక్కడం రిఫ్లెక్సాలజీలో ఉన్న పద్ధతే. మణికట్టు నొక్కడం వల్ల చీలమండలోని లిగమెంట్ అతుక్కోదు గాని, దెబ్బతిన్న చోటును కదపకుండా వదిలేయడం వల్ల మేలే జరుగుతుంది. నూనె రాసి లాగడం మాత్రం ఈ రోజుల్లో అసలు వద్దు. తెగిన పోగుల నుంచి ఊరిన రక్తం, వాపు ఇంకా తగ్గకముందే లాగితే సగం తెగినది పూర్తిగా తెగవచ్చు. కింద విరిగిన ఎముక ఉంటే అది పక్కకు జరగవచ్చు.

ముందు తేల్చవలసింది ఎముక విరిగిందా లేదా అని. దీనికి కెనడాలోని ఒటావాలో 1992లో ప్రకటించిన సూత్రాలను ప్రపంచమంతా వాడుతున్నారు. బయటి చీలమండ ఎముక కొన మీద గాని, దాని వెనక అంచున గాని నొక్కితే నొప్పి. లోపలి చీలమండ దగ్గర అలాంటిదే నొప్పి. పాదం బయటి అంచు మధ్యలోని బొడిపె మీద, లేదా లోపలి వైపు నావిక్యులర్ ఎముక మీద నొక్కితే నొప్పి. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తరువాత కూడా నాలుగడుగులు వేయలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. అరికాలి మధ్యలో నీలం మచ్చ తేలితే ఇంకా తొందర చేయండి. మెత్తటి గట్టులో కాలు దిగబడి మెలిపడినప్పుడు పాదం నడిమి ఎముకలను కట్టి ఉంచే లిస్‌ఫ్రాంక్ లిగమెంట్ తెగవచ్చు. ఆ మచ్చ దానికి గుర్తు. దాన్ని బెణుకేనని వదిలేస్తే పాదం జీవితాంతం బాధపెడుతుంది.

ఇవేవీ లేకపోతే మీది చీలమండ బయటి లిగమెంట్ల బెణుకే అయి ఉంటుంది. ఆ వైపు లిగమెంట్లు మూడు. పాదం లోపలికి మడతపడినప్పుడు మొదట దెబ్బతినేది ముందున్నది. అది చాలా సన్ననిది. తరువాత మధ్యది, చాలా పెద్ద దెబ్బ అయితేనే వెనకది. లోపలి వైపు ఉండే డెల్టాయిడ్ లిగమెంట్ వెడల్పుగా, బలంగా ఉంటుంది గనుక బెణుకులు ఎక్కువగా బయటి వైపే వస్తాయి. పోగులు సాగితే ఒకటో రకం, కొన్ని తెగితే రెండో రకం, పూర్తిగా తెగితే మూడో రకం అంటారు.

తొలి రెండు మూడు రోజులు కాలు గుండె ఎత్తు కన్నా పైన పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, గుడ్డలో చుట్టిన ఐసును పూటకు పావుగంట పెడితే చాలు. ఆ తరువాత మంచం పట్టి ఉండనవసరం లేదు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవడమే మంచిది. లిగమెంటులో రక్తనాళాలు తక్కువ గనుక అది నెమ్మదిగా మానుతుంది. తొలి వారంలో వాపు, తరువాత కొన్ని వారాల పాటు కొత్త పోగులు అల్లుకోవడం, ఆపైన నెలల తరబడి ఆ పోగులు బరువు పడే దిశలో సర్దుకోవడం జరుగుతుంది. ఆ సర్దుబాటు జరగాలంటే తగుపాటి బరువు దాని మీద పడుతుండాలి. నొప్పి తగ్గింది కదా అని పదో రోజున మళ్లీ గట్టెక్కితే రెండోసారి మడతపడడం ఖాయమంటే తప్పులేదు. మన జనం ఎక్కువగా అక్కడే దెబ్బతింటారు.

ఇంకొక సంగతి ఉంది. లిగమెంటులో నాడీ కొనలు ఉంటాయి; పాదం ఎంత వాలిందో మెదడుకు చేరవేసే వాటిలో అవి కొన్ని. బెణుకులో అవీ దెబ్బతింటాయి గనుక నొప్పి పోయినా కాలు మీద పట్టు రాదు. నడవగలిగిన తరువాత రోజూ గోడ పక్కన ఒంటికాలి మీద అర నిమిషం నిలబడడం, అలవాటయ్యాక కళ్లు మూసుకుని నిలబడడం చేయండి. తడి గట్టు మీద పనిచేసే మీకు ఏ మసాజు కన్నా ఇదే పెద్ద రక్ష.

ప్రశ్న (నరసాపురం నుంచి లేసు అల్లే మహిళ): పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటుంది. కాసేపు నడిస్తే తగ్గుతుంది. మళ్లీ చాలాసేపు కూర్చుని లేస్తే అదే బాధ. ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లు పెరిగిందన్నారు. నొక్కించుకుంటే ముల్లు కరుగుతుందా?

జవాబు: ముల్లు కరగదమ్మా, కరగవలసిన అవసరమూ లేదు. ముల్లు ఉండి నొప్పి లేనివారు చాలామంది ఉన్నారు. మీరు చెప్పిన లక్షణాలు ప్లాంటార్ ఫేషియా మడమకు అంటుకునే చోటి బాధవి. రాత్రంతా, లేదా గంటల తరబడి కింద కూర్చున్నంతసేపూ సడలి ఉన్న పట్టీ మీద ఒక్కసారిగా బరువు పడడం వల్ల మొదటి అడుగు అంత బాధిస్తుంది. మంచం దిగకముందే బొటనవేలిని చేత్తో వెనక్కి వంచి పది లెక్కపెట్టేంతసేపు పట్టి, వదిలి, మరికొన్నిసార్లు చేయండి. పగలు గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు వంచకుండా పిక్కను సాగదీయండి. పిక్క బిగిసి ఉంటే మడమ పట్టీ మీద లాగుడు ఎక్కువవుతుంది. గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగకుండా ఇంట్లోనూ మెత్తటి చెప్పులు వేసుకోండి. చల్లటి నీటి సీసాను అరికాలి కింద దొర్లించడం మీకు హాయినిస్తే మానవద్దు. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా. కానీ ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మడమ మీద ముల్లు ఉన్నచోట చేతి బొటనవేలితో పొడిపించుకోవడం మాత్రం వద్దు.

ప్రశ్న (మండపేట నుంచి ఒక గర్భిణి): ఏడో నెల. పాదాలు వాచి చెప్పులు బిగుతుగా ఉంటున్నాయి. అమ్మ చేత కాళ్లు నొక్కించుకోవచ్చా?

జవాబు: మెత్తగా నొక్కించుకోవచ్చు. గర్భధారణలో బరువు పెరగడం, కట్లు కాస్త సడలడం వల్ల పాదం వంపు కొద్దిగా కుంగి పాదం పొడవు పెరగవచ్చు. ఒక సైజు పెద్ద చెప్పులు కొనుక్కోవడం సిగ్గుపడే పని కాదు. అయితే ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే నొక్కవద్దు. రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు గనుక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ముఖం, చేతులు కూడా వాచి తలనొప్పి ఉంటే బీపీ చూపించండి.

ప్రశ్న (రాజోలు నుంచి): మా పెదనాన్నకు బోదకాలు. రిఫ్లెక్సాలజీతో వాపు దిగుతుందని ఒకరు అంటున్నారు.

జవాబు: దిగదు. బోదకాలు మన డెల్టాకు పాత శత్రువు. దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను పాడుచేయడం వల్ల వచ్చే వాపు అది, పాదంలోని ఏ బిందువుతోనూ దానికి సంబంధం లేదు. ఆ చర్మం మీద గట్టిగా నొక్కితే పగిలి చీము పట్టే ప్రమాదం ఉంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవడమే ఆయనకు నిజంగా మేలుచేసే సేవ. సందుల్లో చర్మం నాని ఒరిసిపోతే మందు రాయాలి. ప్రభుత్వం ఫైలేరియా మాత్రలు పంచినప్పుడు ఇంట్లో మిగతావారు కూడా తీసుకోవాలి.

ప్రశ్న (భీమవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది. పాదాలు మొద్దుబారినట్టు ఉంటాయి. ఎగ్జిబిషన్‌లో కొన్న బుడిపెల చెప్పులు రోజూ అరగంట వేసుకుని నడుస్తున్నాను. నొప్పి ఏమీ తెలియడం లేదు కాబట్టి నాకు పడినట్టేనా?

జవాబు: మాస్టారూ, నొప్పి తెలియకపోవడమే ఆ చెప్పులు మీకు పనికిరావనడానికి కారణం. మామూలు మనిషికి బుడిపె గట్టిగా గుచ్చుకుంటే కాలు తీయమని నొప్పి చెబుతుంది. మీకు ఆ హెచ్చరిక లేదు. మీకు తెలియకుండానే బొబ్బ లేచి, పుండై, లోపలికి పోతుంది. ఈ వేళే వాటిని తీసేయండి, మరొకరికి ఇవ్వనూ వద్దు. చెక్క రోలరు, గులకరాళ్ల మీద నడక, వేడినీళ్ల టబ్బు కూడా వద్దు.

షుగరు వల్ల లిగమెంట్లు, ఫేషియా దళసరెక్కి గట్టిపడతాయి. కీళ్లు సరిగా కదలవు, అందుచేత నడిచేటప్పుడు ముంగాలి మీద ఒత్తిడి పెరుగుతుంది. మొద్దుబారిన పాదం మీద ఆ ఒత్తిడి పడడం వల్లనే ముంగాలి కింద పుండ్లు ఎక్కువగా వస్తాయి. ఇంకొక ప్రమాదం దీనికన్నా పెద్దది. పాదం ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా, వాచి ఉండి, దానికి తగినంత నొప్పి లేకపోతే అది చార్‌కో పాదం కావచ్చు. స్పర్శ పోయిన పాదంలో లిగమెంట్లు సడలి ఎముకలు చితికి వంపు కూలిపోయే స్థితి అది. దాన్ని బెణుకనుకుని నొక్కినా, దాని మీద నడిచినా కొద్ది వారాలలోనే పాదం ఆకారం మారిపోతుంది. అలా కనిపించిన రోజే కాలు కింద పెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడాదికి ఒకసారైనా పది గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాను దారంతో అరికాలి స్పర్శను పరీక్షించమని మీ డాక్టరును అడగండి; నిమిషాలలో అయిపోయే పరీక్ష. రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి. పాదానికి నూనె రాయించుకోవడం ఇష్టమైతే చర్మం పగలకుండా అరచేత్తో పలచగా రాయించుకోండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయవద్దు. వేడినీళ్లు పోసుకునే ముందు వేడిని పాదంతో కాకుండా మోచేతితో చూసుకోవాలి, చెప్పులు తొడుక్కునే ముందు ప్రతిసారీ వాటిని తిరగేసి దులపాలి.